పది గంటల విశ్రాంతి

చిత్తూరు బెల్లం మండీ వెనక వేబ్రిడ్జి,
దాని పక్కన టీ అంగడి.
బేస్తవారం సందకాడ మేం ముగ్గురం ఆడ కూడతాం.
సముద్రం ఇక్కడికి నాలుగు గంటల బస్సు దూరం.
అయినా ఖాదర్ వలీ కూర్చున్నాడంటే
బల్ల ఒక పక్కకు ఒరుగుతుంది.

లారీ ఎక్కుతుంది. అంకెలు వణికి నిలబడతాయి.
డ్రైవరు దిగడు.
వాడి ఒళ్ళు కూడా ఈ పొద్దు బెల్లం ధరకే పోతుంది.
"చూసినావా" అని నవ్వుతాడు జ్ఞానప్రకాశం.

ఆయన ఫిట్టరు. ఫుజైరా కత మళ్ళీ మొదలుపెడతాడు:
బార్జీ వాళ్ళు నూనెలోకి గాలి కొట్టి పంపేవాళ్ళు,
మన పాలకేంద్రంలో నురగతో కొలిచినట్టే.
టేపు దించితే ట్యాంకు నిండుగా.
తెల్లారి నురగ దిగేసరికి
నలభై టన్నులు యాడికి పోయినాయో దేవుడికెరుక.
చీఫ్ ఇంజనీరు సొరుగులో కవరుకు మాత్రం ఎరుక.

ఖాదర్ వలీది రాత్రి పని.
రెండు మూరల పైపు, ఎనిమిది బోల్టులు.
చంద్రుడు లేనప్పుడు బిగిస్తే
ఓడ కడుపులోని మడ్డంతా కడలికే.
రేవు రాకముందే విప్పేసి
కొత్త బోల్టుకు పాత మసి పూసేవాడు.
"ఆ మసి పూయడంలో నాయంత మొనగాడు
ఏ దేశం ఓడలోనూ లేడప్పా" అంటాడు,
అని, అరచేతులు పంచెకు తుడుచుకుంటాడు.
తుడుచుకోవడానికి ఏమీ లేదు.

"నువ్వేం చెప్పవా మునస్వామీ?"

నేను మెస్సులో గిన్నెలు కడిగేవాణ్ణి.
పూతలపట్టు బళ్ళో అయ్యవారు
బెత్తంతో నేర్పిన నాలుగు గీతల రాత నాది.
ఓడలో అందరికంటే బాగుంటుందని
పుస్తకాలు నాకిచ్చినారు.
జీతాల లెక్కలు రెండు: తనిఖీకి ఒకటి, మాకొకటి.
అవి రాస్తే అదనంగా ఒక సబ్బు, ఒక సిగరెట్టు పెట్టె.
అంతవరకు చెప్తాను. నవ్వుతారు.

దొరసామి సంగతి చెప్పను.

మూడు రేవులు, మూడు పగళ్ళు, మూడు రాత్రులు
హేచ్ మూతలు తెరిచి మూసి, తెరిచి మూసి
నిలబడే తూగుతా ఉండినాడు.
నేనే పోసిచ్చినా కాఫీ. లోటా చేతిలోనే ఉండింది,
తాగడం మరిచిపోయినాడు.
మధ్యాన్నం మూడో గోతిలో పడినాడు.
కెప్టెన్ గది చల్లగా ఉండింది. పెన్ను ఆయనే ఇచ్చినాడు.
విశ్రాంతి పట్టికలో, దొరసామి వరసలో,
పది గంటలని రాసినాను.
చెయ్యి వణకలేదు.
సున్నా గుండ్రంగా, అయ్యవారు మెచ్చుకునేట్టు వచ్చింది.

ఆరు నెలలకు వాడి ట్రంకుపెట్టె తీసుకోని
బంగారుపాళెం పోయినాను.
భార్య మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చింది,
వేళ్ళు పచ్చగా, గోళ్ళ సందుల్లో పీచు.
కంపెనీ వాళ్ళు పంపిన ఆ కాగితం
ప్లాస్టిక్ అట్ట వేయించి గోడకు తగిలించుకోనుండాది.
చదువు రాదు. ఎవరితోనో చదివించుకుంది.
నా అక్షరాల మీద పచ్చటి వేలు పెట్టి అడిగింది:
"ఆ పొద్దు నిదరన్నా బాగా పోయినాడు గదా నాయనా?"

పోయినాడమ్మా, అన్నాను.

ఇంకో లారీ ఎక్కింది. బ్రిడ్జి మూలిగింది.
అంగడి పిల్లోడు ఎత్తునుంచి పోసిన టీ
గ్లాసు అంచుదాకా వచ్చింది.
ఖాదర్ వలీ అప్పుడే తాగేసినాడు.
నేను తాగను.
నురగ దిగేదాకా చూస్తా కూర్చుంటాను,
లోపల ఎంతుందో.