ఏటి కొలత

పద్మనాభం దాటాక గోస్తని వంపు తిరిగే చోట
సిమెంటు దిమ్మకు బిగించిన ఇనుప పట్టీ ఒకటి ఉంది.
దాని మీద అంకెలు చదవడం నా ఉద్యోగం.
పొద్దున ఎనిమిదికోసారి, సాయంత్రం ఐదుకోసారి,
ఇరవై ఆరేళ్లు.

మొదట్లో అంకెలకి తడి ఉండేది.
ఆషాఢం చివర ఎర్రనీళ్లు దిగేవి
పట్టీని రెండున్నర దగ్గర ఒరుసుకుంటూ,
విరిగిన వెదురూ, చచ్చిన పామూ, ఎవరిదో ఒంటి చెప్పూ.
పైన ఆనకట్ట అప్పటికే ఉంది.
పట్నం దాహం పెరిగేకొద్దీ తలుపులెత్తడం తగ్గింది.
సున్నా రాశాను. మర్నాడూ సున్నా.
సున్నా తర్వాత చుక్క పెట్టి మరో రెండు సున్నాలు రాయాలని రూలు.
నెల తిరిగేసరికి రిజిస్టరు పేజీ
కోడిగుడ్ల అట్టలా ఉండేది.

తుమ్మ ఎప్పుడొచ్చిందో నేను రాయలేదు.
రిజిస్టర్లో దానికి గడి లేదు.
ఎల్లాజీ మేకలు ఎండు కాయలు నమిలి
ఇసుక మేట మీద పడుకునేవి, లేచేవి.
లేచిన చోట నల్లటి పెంటికలు, పెంటికల్లో గింజలు,
ఎవరో నానబెట్టి నాటినంత శ్రద్ధగా.
అంతకుముందూ మేకలున్నాయి, గింజలున్నాయి.
కానీ ఏడాదికోసారి ఏరు వచ్చి
మొలిచినదాన్ని మొలిచినట్టే వేళ్లతో పెళ్లగించి
భీమిలి దగ్గర సముద్రంలో పారేసేది.
వరద కలుపు తీసే మనిషని
అది పనిలోకి రావడం మానేశాకే తెలిసింది.

ఏరుమద్ది ఇంకా కాయలు రాలుస్తూనే ఉంది.
కొత్త ఒండ్రు పడితే తప్ప దాని గింజకి నమ్మకం కుదరదు.
పొడి ఇసుకలో ఆ ఐదు రెక్కల కాయలు
నా చెప్పుల కింద గలగలమనేవి, అంతే.

సర్కారు తుమ్మ అంటారు దీన్ని.
సర్కారు మనిషినే నేనూ.
ఇద్దరం ఎవరో తెచ్చి ఇక్కడ దించినవాళ్లమే.
దానికి బదిలీ లేదు.

తవిటమ్మ దాన్ని కొట్టి బొగ్గు కాలుస్తుంది.
మట్టి కప్పిన బట్టీ మూడు రాత్రులు పొగ,
మోచేతి దాకా ముళ్ల గీతలు.
కొట్టినచోట నెల తిరక్కుండా నాలుగు పిలకలు.
"ఇదుండబట్టి గదా బాబూ
ఎసట్లో నాలుగ్గింజలు పడతన్నాయి. తిట్టకు" అంది ఒకసారి.
నేను తిట్టలేదు. చూస్తున్నానంతే.

ఒకే ఒక్క ఏడు, తుఫానుకి, తలుపులన్నీ ఒక్కసారే ఎత్తారు.
పరుగున పోయాను పట్టీ చదవడానికి.
నీళ్లొచ్చాయి. తుమ్మ కదల్లేదు.
కొమ్మకి కొమ్మ పెనవేసుకుని అడ్డంగా నిలబడితే
ఏరే దారి తప్పి
అవతలి గట్టు చెరుకులో పడింది.
పట్టీ దాకా నాకు దారి లేదు.
ముళ్లలోంచి తొంగి చూసి ఒక అంకె రాశాను.
నా ఉద్యోగంలో ఆడిన అబద్ధం అదొక్కటే.

ఇప్పుడు మధురవాడలో మూడో అంతస్తు.
పొద్దున ఆరింటికి కుళాయి గుర్రుమంటుంది:
ఏరొచ్చిందన్నమాట, ముప్పావు గంట.
సాయంత్రం బీచిలో పొత్తులు కాల్చే కుర్రాడు విసనకర్ర ఊపితే
చిటపటల్లో ఆ గట్టు వాసన.
గోడల్లో దాని ఇసుకే.
ఏరంతా ముక్కలు ముక్కలుగా పట్నం చేరింది,
నాతో సహా.

మొన్న వెళ్లాను.
గంటసేపు కత్తితో నరుక్కుంటూ పోతే పట్టీ దొరికింది.
తుప్పు. రెండంకెలు మిగిలాయి.
పక్కనున్న తుమ్మతో సరిచూశాను:
పట్టీ నాలుగు దగ్గర ఆగిపోయింది,
చెట్టు ఇంకా పైకి ఉంది.
జేబులో పెన్నుంది. దేనిమీద రాయాలో తోచలేదు.

వెనక బస్తా దించిన చప్పుడు. తవిటమ్మ.
"ఏటి కొలత్తన్నావు బాబూ?"

మా వైపు ఏటి అంటే ప్రశ్న.
ఏటి అంటే ఏరుది అని కూడా.

"అదే" అన్నాను.