ఐదో బోల్టు

ఫోను వచ్చేసరికి రూలోఫ్ మోకాళ్ల మీద ఉన్నాడు,
యంత్రం కడుపులో మోచేతి దాకా చెయ్యి పెట్టి.
విన్నాడు. "ఇప్పుడేనా?" అన్నాడు, అంతే.

ఆరు బోల్టులు. నాలుగు బిగించాడు.
ఐదోది సగంలో ఉంది.
రెంచి నా చేతికి ఇవ్వబోయి ఆగాడు,
ఇవ్వడం కూడా సాయం కిందికే వస్తుందట.
నేల మీద పెట్టాడు,
నిద్రపట్టిన పసిపిల్లని పడుకోబెట్టినట్టు.

వూషీలో ఆరేళ్లు.
మా అమ్మ వండే తీపి పక్కటెముకలు తిని
ఎముకలు లెక్కపెట్టి పందెం కాసేవాడు.
వెంట్రుకలో వెయ్యో వంతు తేడా పట్టేసే కళ్లు
ఇవాళ నన్ను తప్పించుకున్నాయి.

తెల్ల ముసుగుల్లో మేం ఒకర్నొకరం
నడకను బట్టే గుర్తుపడతాం.
ఆ నడక గాలితెర దాటి వెళ్లిపోయింది.

గేటు దగ్గర గుయ్‌హువా విరగబూసింది.
ఆ వాసనని కూడా లోపలికి రానివ్వం,
ఒక్క పుప్పొడి రేణువు చాలు, వారం పని బూడిదలో పోసినట్టే.
వాషింగ్టన్‌లో ఎవరో పెట్టిన సంతకం మాత్రం
సిరా ఆరకముందే
ఏ వడపోతకీ చిక్కకుండా వచ్చేసింది.

రాత్రి షిఫ్టు నాది.
ఐదో బోల్టుని ముట్టుకోలేదు.
ఇంకెన్ని చుట్లు తిప్పాలో అతనికే తెలుసు.
ముసుగు మీంచే చెవి ఆనించి విన్నాను:
లోపల పంపు తిరుగుతూనే ఉంది,
దానికింకా ఎవరూ చెప్పినట్టు లేదు.