మసి మొఖం

మిష్త్ కొండ దువ్వెన పండ్ల కింద
గట్టు మీద వరుసగ రాతి గుమ్ములు.
మూతల్లేవు. లోపల వడ్లూ లేవు.
ఐదువేల ఏండ్ల కింద ఎవరినో దాచిన చోటంట,
ఇప్పుడు బొక్క ముక్క కూడ మిగల్లేదంట.
"మరి మనం కాసేదేంది?" అన్నడు కాశీరాం.
నేను గుంత తవ్వుతున్న. కంచె పోలు నిలవెట్టాలె.
పొద్దుగాల పదింటికే గడ్డపార కాలుతది.

షమ్సా మేడం సుద్దముక్కతోని
రాలిన రాళ్లకు నంబర్లేసుకుంట వస్తున్నది.
మూడో గూడు కాడ ఆగింది.
పాత ఫోటో చూసింది, నేలను చూసింది,
మల్ల ఫోటో చూసింది.
ఏమనలే. కాయిదం మీద ఒక గడి ఖాళీగ ఇడిచింది.

ఆ గడి నాకెరుకే.
క్యాంపుల మా పొయ్యికి మూడో రాయి అది.
సాపుగ, జానెడు మందం,
గిన్నె కదలకుంట నిలవడతదని
వచ్చిన వారానికే ఎత్తుకొచ్చిన.
బాలనర్సు పోయిన రాత్రి
అందరికి చాయ కాసింది కూడ దాని మీదనే.
వాని పెట్టె ఇంక మస్కట్లనే ఉన్నది,
కాయిదాలు రావాలె.

మా ఊరి పొలిమేరల రాకాసి గుళ్లుండె.
మనిషెత్తు బండలు గుండ్రంగ పాతి
మీద గొడుగోలె ఇంకో బండ.
గొర్లు కూడ ఆ నీడల పండకపోతుండె.
క్రషరోళ్లు ట్రిప్పుకు రెండు వందలంటే
ట్రాక్టర్ తోలింది నేనే.
ఆఖరి బండ లేపితే కింద ఒక కుండ,
పైన ఎరుపు, లోపల నలుపు.
టైరు కింద పటుక్కుమన్నది.
ఇంజను మోతల ఇనవడలేదన్న, అడిగినోళ్లకు.
ఇనవడ్డది.

రాత్రి పొయ్యి సల్లారినంక
రాయిని తువ్వాలల చుట్టుకొని గట్టెక్కిన.
నేనే పాతిన కంచె, నేనే దాటిన.
మోకాలెత్తు వాకిలి. పాకుకుంటనే పోవాలె.
పగటి ఎండ ఇంక రాళ్లల్లనే ఉన్నది,
జరమొచ్చిన పిల్లగాని ఒంటి లెక్క.
ఏ వరుసల దీని తావో నాకేమెరుక?
పెట్టిన కాడల్లా కదిలింది.
ఆఖరికి గోడ మొదట్ల కింద ఆనిచ్చిన,
మసి మొఖం లోపలికి.
సలామనాల్నో, రామ్ రామ్ అనాల్నో తెల్వక
కొంచెంసేపు కూసున్న.

తెల్లారి మేడం దాన్ని తిప్పనే తిప్పింది.
వేలితో రాసి చూసుకున్నది.
ముక్కు కాడ పెట్టుకున్నది.
ఆవాల పోపు వాసన వచ్చిందో ఏమో
మా క్యాంపు దిక్కు చూసింది.
మసి మీదనే నంబరేసింది.
సుద్ద అక్కడనే మంచిగ కనవడ్డది.

"ఏమైంది?" అన్నడు కాశీరాం.
"పోలు పట్టుకో" అన్న, "ఒంకరున్నది."