మూడో కౌంటరు

ఆనందపురం జంక్షన్ దాటాక
కొండ కడుపు కోసి కట్టిన యూనివర్సిటీలో
మూడో కౌంటరు నాది.
అద్దానికి ఇవతల నేను, స్టాప్లరు, చల్లారిన టీ.
అవతల చెమట.

ప్రతిభని ఇక్కడ వంతులేసి తూస్తాం.
తొంభై ఐదు దాటితే ముప్పావు మాఫీ,
తొంభైకి సగం,
ఎనభై ఐదుకి పావు,
ఆ కిందవాళ్ళకి బ్రోషరు ఉచితం.

మాఫీ ట్యూషన్‌కే.
బస్సుకి లేదు, మెస్సుకి లేదు,
'ఇతరములు' అనే
అడుగు కనబడని గుంటకి అసలే లేదు.
ఈ సంగతి చిన్నక్షరాల్లో కొట్టింది నేనే.
ఎనిమిది సైజులో పెడితే
పెద్దసారు ఏడు చెయ్యమన్నారు.

రెండేళ్ళ కిందట ఒక జూన్‌లో
మైలపిల్లి నూకాలు వచ్చింది, కూతురితో.
ఫిషింగ్ హార్బరులో ఎండునెత్తళ్ళ గంప దించి
నేరుగా బస్సెక్కినట్టుంది,
క్యూ రెండడుగులు వెనక్కి జరిగింది.

"మూడు లచ్చలంతావు,
రెండుంపావు తీసేత్తానంతావు.
దాని రేటు ముప్పావు లచ్చేనని
ముందే సెప్పొచ్చుగదా బాబూ!
మేమూ అంతేలే,
వంజరం వెయ్యని ఏడొందలకిత్తాం,
కొన్నోడు గెలిసీసినాననుకుని ఇంటికెల్తాడు."

నవ్వొచ్చింది. నవ్వలేదు, పైన కెమెరా ఉంది.
నీలవేణి మాత్రం ఆ మాఫీ కాగితాన్ని
నలక్కుండా ఫిజిక్సు పుస్తకంలో పెట్టుకుంది.
ఆ పిల్లకి అది తగ్గింపు కాదు,
ఎవరో పెద్దవాళ్ళు
ఇంటిపేరుతో సహా పిలవడం.

కాగితం వెనక ఏముందో నాకు తెలుసు.
ఏటేటా సగటు ఎనిమిదిన్నరకి తగ్గకూడదు,
ఒక్క పేపరూ మిగలకూడదు.
జారితే జారినట్టే,
మళ్ళీ ఎక్కే నిచ్చెన మా దగ్గర లేదు.

మొన్న నవంబరు తుపానుకి
జెట్టీకి కట్టిన బోట్లు ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి.
మధ్యలో వాళ్ళ నాన్న కాలు.
కేజీహెచ్‌లో పదకొండు రాత్రులు,
ఎముకల వార్డు మెట్లమీద చదివి
రాసిన పరీక్షలు.
ఎనిమిది పాయింటు నాలుగు ఆరు.

ఫీజుకి ఆఖరు తేదీ జూన్ పది.
వేట నిషేధం పద్నాలుగు దాకా.
ఈ ఊళ్ళో సముద్రం ఎప్పుడు తెరుస్తారో
మా క్యాలెండరు వేసినవాడికి తెలీదు.

ఈసారి ఒక్కతే వచ్చింది.
ఏడవలేదు. లెక్క అడిగింది.
"నాలుగు వందో వంతులు తక్కువయ్యాయి సార్,
వాటికెంతవుతుందో చెప్పండి,
కట్టేస్తాను."

రెండు లక్షల పాతికవేలు, అన్నాను.
కాలిక్యులేటరు అక్కర్లేకపోయింది.

కింది సొరుగులో ఒక ఫారం ఉంటుంది,
'ప్రత్యేక పరిశీలన'.
అడిగితేనే ఇవ్వాలని ఆదేశం.
అడగాలంటే ఉందని తెలియాలి.
మైకు నొక్కి ఆపాను.
అద్దానికున్న కన్నంలోంచి, దగ్గుతున్నట్టు,
"పరిశీలన ఫారం ఉందా అని అడుగు" అన్నాను.
అర్థం కాక చూసింది.
"అడుగమ్మా, పైకే అడుగు."
అడిగింది.
ఇచ్చాను.
పదకొండేళ్ళ ఉద్యోగంలో నా తెగువ అంతే,
ఒక దగ్గు.

కమిటీ ఇంకా కూర్చోలేదు.

కొత్త బ్రోషరు మాత్రం వచ్చింది.
'ముప్పావు వంతు వరకు' అని బంగారు రంగులో,
ఆ 'వరకు' ఒక్కటీ బూడిద రంగులో.
అట్టమీద మొదటేడాది నాటి ఫొటో,
లైబ్రరీ మెట్లమీద నీలవేణి,
చేతిలో ఫిజిక్సు పుస్తకం,
గాలికి జుట్టు చెదిరి, నవ్వుతూ.

ప్రూఫు చూడమని పంపారు.
రెండుసార్లు చూశాను.
అక్షరదోషాలు లేవని
సంతకం పెట్టాను.