సందు

అబెయొకూటాలో నీలిబట్టల బజారు వెనక సందులో
పదకొండు మెట్లెక్కితే మా పళ్ళాసుపత్రి.
కరెంటు పోయి జనరేటర్ కూడా మొరాయిస్తే
మర ఆగుతుంది, నోళ్ళు తెరిచినవి తెరిచినట్టే ఉంటాయి.
ఆ పూట అలాగే అయింది.

మొదట ఎవాటోమి. వచ్చే నెల పెళ్ళి.
ముగ్గురి సీట్లో నలుగురు ఇరుక్కున్నట్టు
ఒత్తుగా ముందు పళ్ళు.
"ఈ రెంటి మధ్య ఆకురాయి పెట్టు డాక్టరమ్మా.
అమ్మమ్మకుంది, మేనత్తకుంది, నాకేం పాపం?"
ఇక్కడ ఆ సందుని ఎజీ అంటారు.
ఎజీ ఉన్న పిల్ల నవ్వితే
బేరం మధ్యలో ఆపి మరీ చూస్తారు.

గోరు కోస్తే పెరుగుతుంది, జుట్టు కోస్తే పెరుగుతుంది,
పంటి మీది ఎనామిల్ మటుకు ఒక్కసారే ఇస్తారు, అన్నాను.
మూతి ముడుచుకుని బల్ల మీదికెళ్ళి కూచుంది.

ఆ బల్ల మీదే కాయోదే, బ్యాంకు గుమాస్తా.
లేగోస్‌కి బదిలీ.
"సంతకం అన్నప్పుడల్లా ఈల వస్తోంది, మూసెయ్యండి."
పెదవి ఎత్తి చూస్తే
లోపల్నుంచి దిగిన కండతీగ
రెండు పళ్ళ నడుమ గట్టురాయిలా పాతుకుని ఉంది.

అందరికీ అదే కారణం కాదు.
నాన్న దవడ, అమ్మ పళ్ళు వస్తే
పెద్దింట్లో చిన్న సంసారం, అటూ ఇటూ ఖాళీ.
ఒకరికి పక్క పన్ను పుట్టనే లేదు.
ఒక పిల్లాడికి ఎముకలో దాక్కున్న దొంగపన్ను దొరికింది,
ఎక్స్‌రేలో వరిగింజంత.
ఏడేళ్ళొచ్చినా వేలు చీకేవాళ్ళు,
మింగినప్పుడల్లా నాలుకతో
మేక తలుపు తోసినట్టు తోసేవాళ్ళు.

"ముందు పళ్ళకి తీగలు కట్టి దగ్గరికి లాగాలి,
తర్వాత ఆ కండ కోయాలి. ఏడాదిన్నర."
"సోమవారానికి కుదరదా?"
"కుదురుతుంది. పంటిరంగు పూత అద్ది
నీలిదీపంతో ఎండబెడితే గంట పని.
కోలాకాయ కొరికి విరగ్గొట్టుకుంటే పూచీ నాది కాదు."
బల్ల మీంచి ఎవాటోమి అందుకుంది:
"పారేసేదేదో నాకిప్పించండి!"

అప్పుడొచ్చింది ఇయా సిడికాత్,
మోచేతుల దాకా అద్దకం నీలి.
"చూడండర్రా, యాభైనాలుగో ఏట నాకు ఎజీ వచ్చింది!
దేవుడు ఆలస్యం చేశాడు గాని మరిచిపోలేదు."
బల్లంతా చప్పట్లు.

నేను వేలు పెట్టి చూశాను.
పన్ను కదిలింది.
చిగురు పైకి ముడుచుకుని ఉంది,
సన్న కడ్డీ ఆనిస్తే నెత్తురు.
గది గుమ్మం దగ్గర తెర లాగాను.

పుట్టుకతో ఉన్న సందు సందే, అమ్మా.
నడివయసులో తెరుచుకున్నది
కింద పునాది జారుతోందని చెప్పడం.
చిగురు కింద గార తియ్యాలి, నాలుగు సార్లు రావాలి,
చక్కెర పరీక్ష రేపే చేయించాలి.
పందుంపుల్ల మానక్కర్లేదు,
చిగుళ్ళతో కుస్తీ మాను.

చాలాసేపు తన నీలి వేళ్ళు చూసుకుంది.
"మూసుకుపోతుందా?"
"పోకపోవచ్చు. పన్ను ఊడకుండా ఆపడానికి చూస్తాను."
"అయితే ఆ మాటే కానీ.
సందు సంగతి బజార్లో నేను చూసుకుంటాను."

నాకూ ఉండేది.
పదహారో ఏట హాస్టల్లో తీగలు కట్టించుకుని మూయించాను.
రాత్రిళ్ళు పెట్టుకోమన్న అచ్చుని
ఎవరిదో పెళ్ళి భోజనంలో కాగితంలో చుట్టిపెట్టి
ఎంగిలి విస్తరాకుతో పాటు పారేశాను.
పళ్ళు ఎక్కణ్ణించి వచ్చాయో మరిచిపోవు.
నాలుగేళ్ళలో కొంచెం కొంచెంగా తిరిగి నడిచాయి.
ఇప్పుడు నాలుక కొస పట్టేంత ఉంది.
అందుకే పనిలో ముసుగు తీయను.

జనరేటర్ దగ్గి అందుకుంది.
ముసుగు కిందికి జారిన సంగతి గమనించలేదు.
తెర పక్క నుంచి ఎవాటోమి
నా నోటి వంకే చూస్తోంది.
నవ్వాపుకుందామనుకున్నాను.
ఇంత సందిస్తే చాలు,
ఆగలేదు.