బీ తో పోశెట్టి

సోహార్ క్యాంపు. రాత్రి పదకొండు.
పోర్టా క్యాబిన్‌లో ఏసీ నీళ్లు బకెట్లోకి కారుతున్నాయి.
గేటు దగ్గరి వేలిముద్రల మిషన్
తనలో తాను రాసుకున్న ఫైలు నా ముందుంది.
లక్షా నలభై వేల వరుసలు,
మధ్యలో ఎక్కడా ఊపిరి తీసుకునే జాగా లేదు.

పోశెట్టి నా కుర్చీ వెనక నిలబడ్డాడు.
ఎల్లుండి ఫ్లైటు. సెటిల్‌మెంట్ కాగితంలో ఓవర్‌టైమ్ సున్నా.
"ఏడు నెలలు రాత్రుల్ల కాంక్రీటు పోస్తి సార్,
యాడికి పోయినయ్ నా గంటలు?"

వెతికే పెట్టె తెరిచాను.
పీ కొట్టానో లేదో
తెరంతా పసుపు చిమ్మింది:
పంపులూ పైపులూ పర్మిట్లూ.
ఓ. సగానికి సగం ఆరిపోయాయి.
ఎస్. కర్సరు ఒక్క గంతులో జూన్‌లోకి దూకి
'పొజిషన్' అనే మాట మీద కూర్చుంది.
నేనింకా పేరు సగం కూడా చెప్పలేదు,
దానికప్పుడే మనిషి దొరికేసినంత సంబరం.
హెచ్.
పెట్టె ఎర్రబడింది.

"లేనా?" అన్నాడు.

ఒక్కో అక్షరం చెరుపుతుంటే
కర్సరు వచ్చిన దారినే వెనక్కి నడిచింది.
మళ్లీ పంపులు, పైపులు.

అప్పుడు గుర్తొచ్చాడు గేటు దగ్గరి నాసర్,
మొదటిరోజు అందరి పేర్లూ ఎక్కించినవాడు.
అతని నాలుక మీద ప లేదు.
పెప్సీని బెబ్సీ అంటాడు,
పరంధాములునైన నన్ను బరందం అంటాడు.

తల తీసేసి మిగతా పేరు కొట్టాను.
వెలిగింది. నూట పన్నెండులో ఒకటి.
పాస్‌పోర్టులో పీ, గేట్లో బీ:
కంపెనీ లెక్కలో ఇద్దరు మనుషులు.

కింది బాణం. కింది బాణం.
ఆగస్టు తొమ్మిది, తెల్లారి నాలుగూ పది.
"అగో, ఆ రాత్రే పంపు జామైంది, తట్టలతోని ఎత్తినం."
ఆగస్టు పన్నెండు.
"దుమ్ముగాలి. నోట్లెకెల్లి ఇసుక ఊంచుడే."
వేలు జారి ఒకటి దాటేశాను.
"ఎనకకు రానియ్ సార్, నడుమ ఒకటి పోయింది."
అతనికి ఇంగ్లీషు రాదు,
పసుపుని లెక్కపెడుతున్నాడు.

పై బాణం.
సెప్టెంబరు మూడు.
ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు.
ఒక్క వరుస పైన ఇంకెవరిదో పేరు,
లోపలికెళ్లిన గంట ఉంది
బయటికొచ్చిన గంట లేదు.

నూట పన్నెండూ అయ్యాక
'చివరికొచ్చింది, మళ్లీ మొదటి నుంచి' అని చిన్నగా చెప్పి
ఫైలు మమ్మల్ని మార్చిలోకి విసిరేసింది.
"మళ్ల మొదట్నించా? నాతోని గాదు సార్!"
మొదటిసారి నవ్వాడు.

రెండొందల డెబ్బై మూడు గంటలు.
కాగితం మీద రాసి, సంతకం పెట్టి,
ఎస్కేప్ నొక్కాను.
బయల్దేరిన చోటికే వచ్చి నిలబడింది కర్సరు,
పసుపంతా ఆరిపోయి
ఎవరూ ఎక్కడికీ వెళ్లనట్టు.

తలుపు దగ్గర చెప్పులేసుకుంటూ అడిగాడు:
"పీ తోని ఇంకోపాలి కొట్టుండ్రి."
కొట్టాను. ఎర్రబడింది.
"మంచిగైంది. ఆ పేరు ఈడ
ఒక్క గంట గూడ పని జెయ్యలే.
దాన్నట్లనే ఇంటికి తీస్కపోత."

బకెట్ నిండింది.
పారబోయడానికి లేచాను.