గురువారం, ఉల్లిపాయల వంతు

లిమా నగరం కొసన, చెట్టన్నది లేని కొండ.
వాన పడదు. పడబోతున్నట్టు మాత్రం ఉంటుంది.
జూన్ నుంచి అక్టోబరు దాకా పొగమంచు
ఆరని తడిగుడ్డలా మెడకు చుట్టుకుంటుంది.
నూట పన్నెండు మెట్లెక్కి వచ్చాను,
చంకలో అట్ట, అట్ట మీద ఇరవై రెండు ప్రశ్నలు.
మూడు వారాల శిక్షణ నాది, సంఘం కట్టడమెలాగో.

మొదటి తలుపు: అప్పులవాళ్ల మనిషిననుకుని తెరవలేదు.
రెండో తలుపు: ఓట్ల కోసమా, అంది.
మూడో ఇంట్లో కుక్క ఒక్కటే నా మాట పూర్తిగా వింది.

నాలుగో ఇంటి ముందు సతుర్నీనా మామానీ
నీలం పీపాలో అడుగునీళ్లు తోడుతోంది.
నా అట్టకేసి చూసింది, బూట్లకేసి చూసింది.
"ఆ కాయితాలు కింద పెట్టి ఈ బకెట్టు పట్టు."
పై వరస దాకా మోశాను. సగం నా బూట్లే తాగాయి.
మిగిలిన సగంతో ఎవరో బాలింత
బిడ్డ గుడ్డలు ఉతుక్కుంది.
పేరు నేనడగలేదు. తనే చెప్పింది, నెలిదా.

ఆ సాయంత్రం మొదటి ప్రశ్న కొట్టేశాను:
"మీ అవసరాలేమిటి?"
అడగవలసింది, మీ దాకా నీళ్లబండి ఏ వేళకొస్తుందని.
అదడిగితే చాలు,
కొడుకు ఉబ్బసం, మేస్త్రీ ఎగ్గొట్టిన కూలి,
పక్కింటి ముసలాయన రెండ్రోజులుగా పొయ్యి వెలిగించకపోవడం,
అన్నీ ఆ నీళ్లవెంటే వస్తాయి.

ఉమ్మడి వంట దగ్గర ఇంకో పాఠం:
డెబ్బై గిన్నెలకి వండి ఎనభై ఆరు నింపాలి.
సంతకెళ్లి కోళ్ల కాళ్లు అడిగి తేవాలి.
"అడుక్కోవడమే కదా" అన్నాను.
"అడగడం" అంది సతుర్నీనా.
నిలబడి, పేరు చెప్పి,
రేపు కూడా వస్తామని చెప్పి, అడగడం.

మొదటి సమావేశానికి నలుగురొచ్చారు.
నలభై నిమిషాలు మాట్లాడాను.
ఐక్యత అన్నానట ఏడుసార్లు. సతుర్నీనా లెక్కపెట్టింది.
చివర్న ఒకావిడ చెయ్యెత్తి
"నే మాట్లాడేటప్పుడు నా పిల్లనెవరెత్తుకుంటారు?" అంది.
శిక్షణలో అది లేదు.
ఎత్తుకున్నాను. పిల్ల నా పెన్ను నమిలింది.

ఒక తప్పు చెబుతాను, దాచను.
డిసెంబరుకల్లా కుళాయి వస్తుందన్నాను.
రాలేదు.
ఎవరూ తిట్టలేదు, అదే భరించలేకపోయాను.
వంటగదిలో గరిటెలు మాత్రం కాస్త గట్టిగా మోగాయి.
"తెలియదు అనడం నేర్చుకో.
ఈ కొండ మీద కరువు నీళ్లకే, మాటలకి కాదు."

మార్చిలో జ్వరమొచ్చి తొమ్మిది రోజులు మంచమెక్కాను.
నేను లేకపోతే ఏమైపోతారో అనుకున్నాను.
నిజం, అనుకున్నాను.
ఏమైందంటే,
పై వరసకి ఎక్కనన్నాడు నీళ్లబండి డ్రైవరు.
వీళ్లు కేక వెయ్యలేదు, రాయి విసరలేదు.
తెల్లారేసరికి నలభై ఒక్క పీపాలు,
ఖాళీవి, మూతల్లేనివి,
దారికడ్డంగా నోళ్లు తెరుచుకుని నిలబడ్డాయి.
ఒక్కో పీపా పక్కన ఒక్కో మనిషి,
ఊలు అల్లుతూనో, బిడ్డకి పాలిస్తూనో.
ఎవరి పక్కన ఎవరని రాసిపెట్టింది నెలిదా.
ఆవిడకి రాయడమొచ్చా అని నేనెప్పుడూ అడగలేదు.
పదకొండింటికి బండి కొండెక్కింది.

పదో రోజు వెళ్లి ఆ నోటుపుస్తకం తిరగేశాను.
పిల్లల్నెవరు చూడాలి, మునిసిపాలిటీకెవరు వెళ్లాలి,
కూలందని ఇంటికి ఎన్ని గిన్నెల సూపు
బాకీ రాయకుండా ఇవ్వాలి.
ఎక్కడా నా పేరు లేదు.
మనసు చివుక్కుమంది.
ఆ వెంటే, ఎందుకో, భుజాలు తేలికయ్యాయి.

నెలిదా నా చేతిలోంచి పుస్తకం లాక్కుని
ఆఖరి పేజీలో ఏదో గీకింది.
"నీకూ వేశాం."
చూశాను:
గురువారం, ఉదయం ఆరు, ఉల్లిపాయలు, రెండు బస్తాలు.
ఎవరి కత్తి వాళ్లే తెచ్చుకోవాలి.